ఇల్లు తలకిందులైనప్పుడు నవల పూర్తిచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరు మంచం పట్టారు, లేదా ఒకరు పోయారు. కాపురం విడిపోతోంది, లేదా ఉద్యోగం ఊడి ఊరు మారాల్సి వచ్చింది. చేతిలో సగమో ముప్పాతికో అయిన నవల ఉంది. అలాంటివారు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. నవల ఎలా మొదలుపెట్టాలి, పాత్రల్ని ఎలా తీర్చిదిద్దాలి అన్నవి ఇక్కడ లేవు. ఉన్న నవలను చేజారిపోకుండా చివరిదాకా తీసుకెళ్ళడం గురించే రాశాను.

ఇంట్లో ఇంత జరుగుతుంటే నవల పట్టుకు కూర్చోవడం స్వార్థం కాదా?

అలా అనేవాళ్ళు ఉంటారు. ఏడాదికోసారి కూడా గడప తొక్కని చుట్టాలు ఆసుపత్రికొచ్చి మరీ అంటారు. మా నాన్నగారు పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు నా నవల సగం దాటి ఉంది. ఆయనకు చెయ్యాల్సిన పనుల్లో ఒక్కటి కూడా రాత వల్ల ఆగలేదు. రాసుకున్న ఆ అరగంటా నేను టీవీ ముందు కూర్చుని ఉంటే ఎవరూ నోరెత్తేవారు కాదు. సేవ చేసేవాళ్ళకి కాస్త ఊపిరి పీల్చుకునే వేళ ఉండాలని అందరూ ఒప్పుకుంటారు. ఆ వేళ కాగితం ముందు గడిస్తే మాత్రం నేరంలా చూస్తారు.

మీకు మీరే ఒక్కటి అడగండి: నేను రాసుకుంటున్నప్పుడు నా వంతు పని ఇంకొకరి నెత్తిన, వాళ్ళకి చెప్పకుండా పడుతోందా? పడుతుంటే ఇవాళే కూర్చుని మాట్లాడుకోండి. పడకపోతే నిశ్చింతగా రాయండి.

అంతా సర్దుకున్నాక రాయొచ్చు కదా?

చివరి తేదీ కనిపించే కష్టమైతే ఆపేయండి. ఇల్లు మారడం, పిల్లల ఇంటర్ పరీక్షలు, ఎముక విరిగి కట్టు కట్టిన నెలా రెండు నెలలు, వీటికి ఒక ఒడ్డు ఉంది. పక్షవాతం, మతిమరుపు జబ్బు, కోర్టులో నలిగే విడాకులు, అన్నదమ్ముల ఆస్తి తగాదా, వీటికి ఒడ్డు కనబడదు. ఇలాంటివి ఇంట్లో ఉన్నప్పుడు సర్దుకున్నాక అనుకోవడం నవలను వదిలెయ్యడంతో సమానం. కష్టం మధ్యలోనే, చిన్నగా, రాయాలి.

నెల తర్వాత ఫైలు తెరిస్తే ఒక్క ముక్కా గుర్తు రావడం లేదు. ఎక్కడ ఆపానో, ఎందుకు ఆపానో తెలియడం లేదు.

ఈ పేజీలో నేను ఒక్క విషయమే చెప్పాలంటే దీని గురించే చెప్తాను. ఇంట్లో కష్టం వచ్చినప్పుడు టైము దొరకలేదని బాధపడతాం. నిజానికి ముందుగా పోయేది నవల తాలూకు జ్ఞాపకం. మామూలు రోజుల్లో కథంతా బుర్రలో తిరుగుతూ ఉంటుంది. అంట్లు తోముతున్నా, బస్సులో నిలబడ్డా పాత్రలు మాట్లాడుతూనే ఉంటారు. ఇంట్లో జబ్బుమనిషి ఉంటే ఆ చోటంతా మందుల వేళలూ, బిల్లులూ, రేపు రావాల్సిన రిపోర్టూ ఆక్రమిస్తాయి. గంట దొరికినా, ఆ గంటలో మూడొంతులు కథలోకి మళ్ళీ దిగడానికే సరిపోతుంది. కాబట్టి బుర్ర మోయలేనిదాన్ని కాగితం మీదకు దించాలి.

రెండు పనులు చెయ్యండి.

మొదటిది చీటీ. రాత ఆపిన ప్రతిసారీ, లేచే ముందు, నాలుగు వరుసలు రాసిపెట్టండి. ఆ సీనులో చివరిగా ఏం జరిగింది, తర్వాత ఏం జరగాలి, ఎవరు ఏం దాస్తున్నారు, వేళ ఎంత. నా చీటీ ఒకటి ఇలా ఉండేది:

“శేషమ్మ గిన్నెలు కడుగుతూ వెంకటాద్రి మాట వింది. తలెత్తలేదు. అతను గడప దాటబోతుంటే అడగాలి, పొలం కాగితాలు ఎవరి దగ్గరున్నాయని. అతను అబద్ధం చెప్తాడు. ఆమెకు తెలుసు. ఇంకా దీపాలు పెట్టలేదు.”

అంతే. బాగా రాయక్కర్లేదు. సీను బాగా సాగుతున్నప్పుడు, తర్వాతి మాట తెలిసి ఉండగానే ఆపితే చీటీకి ఇంకా బలం. అధ్యాయం పూర్తిచేసి లేవాలన్న పట్టుదల ఈ రోజుల్లో పనికిరాదు. పూర్తయిన అధ్యాయం దగ్గర ఆగితే, మళ్ళీ వచ్చినప్పుడు ఎదురుగా కొత్త గోడ ఉంటుంది.

రెండోది నవలకు ఒక జాతకం పుస్తకం. వంద పేజీల రూళ్ళ నోటుబుక్కు చాలు. పాత్ర పేరు, పుట్టిన సంవత్సరం, చుట్టరికాలు, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, ఎవరికి ఏ రహస్యం ఏ అధ్యాయంలో తెలిసింది, ఏ వస్తువు ఎక్కడుంది, ఇవన్నీ అందులో ఉండాలి. శేషమ్మ 1977 దివిసీమ ఉప్పెన నాటికి పదేళ్ళ పిల్ల అనుకుంటే, 2014లో రాష్ట్రం విడిపోయేసరికి ఆమెకు నలభై ఏడు. ఆ లెక్క రాసి లేకపోతే ఏడో అధ్యాయంలో ఆమెకు యాభై ఐదేళ్ళు వచ్చేస్తాయి, పదకొండో అధ్యాయంలో కొడుకు ఆమెకంటే తొందరగా ముసలివాడవుతాడు. తాకట్టు పెట్టిన జూకాలు విడిపించకుండానే పెళ్ళిలో ఆమె చెవులకు వేలాడతాయి. మనసు చెదిరి ఉన్నప్పుడు జరిగే పొరపాట్లు ఎక్కువగా ఇలాంటివే.

నవల సగంలో ఉందా? అయినా ఆలస్యం కాలేదు. రాసినదాన్ని మొదటినుంచి చదువుతూ జాతకం రాసుకోండి. కొత్తగా ఒక్క వాక్యం కూడా రాయలేని వారాల్లో చెయ్యదగ్గ పని ఇది.

రోజుకు ఎంత రాయాలని పెట్టుకోవాలి?

రోజుకు ఇన్ని పేజీలని పెట్టుకోకండి. రెండు రోజులు తప్పితే మూడో రోజు బాకీ పడ్డట్టు ఉంటుంది, నాలుగో రోజు ఫైలు తెరవడానికే భయం వేస్తుంది. వారానికి ఒక సీను అనుకోండి. అది రెండు పేజీలైనా సరే, ఆరు పేజీలైనా సరే.

మంచంలో ఉన్న మనిషిని, పుండ్లు పడకుండా, రెండు గంటలకొకసారి పక్క మార్చమంటారు. ఆ రెండు గంటల్లో గుడ్డలు మార్చడం, నీళ్ళు తాగించడం, ఫోన్లు మాట్లాడటం పోగా కదలకుండా కూర్చోగలిగింది అరగంటే. నా నవల రెండో సగమంతా ఆ అరగంటల్లోనే రాశాను. సీనులు పొట్టివయ్యాయి, సంభాషణ పెరిగింది, వర్ణన తగ్గింది. నవలకు అది మేలే చేసిందని నా నమ్మకం. మీ ఇంటి గడియారం ఎంత ముక్క ఇస్తుందో ముందు చూసుకోండి. సీను కొలత దాన్నిబట్టి పెట్టుకోండి.

ఆసుపత్రిలో రాయగలమా?

ఐసీయూ బయట కొత్త సీను రాయడానికి ప్రయత్నించకండి. లోపలినుంచి ఎవరైనా ‘ఫలానావారి అటెండెంట్ ఎవరు?’ అని పిలుస్తారేమోనని చెవులు తలుపు మీదే ఉంటాయి. మందుల చీటీ చేతికిస్తారు, కింద ఫార్మసీకి వెళ్ళి వస్తే ఈసారి బిల్లింగ్‌లో అడ్వాన్సు కట్టమంటారు. అక్కడ చెయ్యదగ్గవి చిన్న పనులు: పాత అధ్యాయం ప్రింటు మీద తప్పులు దిద్దడం, పాత్రల పేర్లు సరిచూడటం, జాతకం నింపడం. వార్డుకు మార్చాక రాత్రిపూట కొంత నెమ్మది ఉంటుంది. ఫోను వెలుతురు పక్క బెడ్డువాళ్ళ నిద్ర చెడగొట్టకుండా చిన్న నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకోవచ్చు.

చుట్టూ మాట్లాడుకునేవాళ్ళ మాటలు వింటే రాయాలనిపిస్తుంది. వాళ్ళ కష్టాన్ని అక్కడికక్కడే రాసుకుంటూ కూర్చోకండి. వాళ్ళు మిమ్మల్ని సాటి అటెండెంటుగా నమ్మి మాట్లాడుతున్నారు.

చేతులు ఖాళీ ఉండటం లేదు. నోటితో చెప్పి రాయించుకోవచ్చా?

నిక్షేపంలా. తెలుగు నవలకు ఇది కొత్తేమీ కాదు. విశ్వనాథ సత్యనారాయణ 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీ కోసం వేయిపడగలను తమ్ముడు రాస్తుండగా ఇరవై తొమ్మిది రోజుల్లో చెప్పారని ప్రసిద్ధి. మన ప్రశ్నకు ఇంకా దగ్గరి ఉదాహరణ రష్యాలో ఉంది. నవలాకారుడు దొస్తయేవ్‌స్కీకి 1864లో భార్యా, అన్నా ఒకే ఏడాది పోయారు. అన్న అప్పులు, అన్న కుటుంబం ఆయన మీద పడ్డాయి. 1866 నవంబరు 1కి కొత్త నవల ఇవ్వకపోతే తన రచనల హక్కులు ప్రచురణకర్త పాలయ్యే ఒప్పందం మీద సంతకం పెట్టి ఉన్నారు. అప్పటికే ఇంకో పెద్ద నవల పత్రికలో సీరియల్‌గా నడుస్తోంది. అక్టోబరులో షార్ట్‌హ్యాండ్ తెలిసిన అన్నా అనే అమ్మాయిని పెట్టుకుని ఇరవై ఆరు రోజుల్లో ‘జూదరి’ నవల చెప్పి పూర్తిచేశారు.

ఆయన వేగం మనకు అక్కర్లేదు. పద్ధతి చూడండి. రాత్రి ఆయన నోట్సు రాసుకునేవారు, పగలు అది చూస్తూ చెప్పేవారు, ఆమె ఇంటికెళ్ళి శుభ్రంగా తిరగరాసి మర్నాడు తెచ్చేది. ఒక మనిషి ఫలానా వేళకు వస్తుంది కాబట్టి ఆ వేళ రాతకు దక్కింది. మన వేళకు మనం విలువ ఇచ్చుకోలేనప్పుడు ఇంకొకరి రాక దాన్ని కాపాడుతుంది. మీకూ అలాంటి ఒక మనిషి ఉంటే మంచిది. వారానికోసారి ఫోన్ చేసి, రాసింది చదివి వినిపించమనే స్నేహితురాలైనా చాలు.

ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఇప్పుడు బాగానే పనిచేస్తుంది. కామాలు, ఫుల్‌స్టాప్‌లు మీరే పెట్టుకోవాలి. యాసలో మాట్లాడే పాత్రల దగ్గర మాత్రం జాగ్రత్త. కరీంనగర్ మాటో, శ్రీకాకుళం మాటో చెప్తే యంత్రం దాన్ని తనకు తెలిసిన పుస్తకపు మాటగా మార్చేయవచ్చు. అలాంటి సంభాషణలను రికార్డరులో గొంతుగానే దాచుకుని, తర్వాత వింటూ చేత్తో టైపు చేయండి.

ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలి? మా అత్తగారికి రాయడం ఒక పని అనే అనిపించదు.

“నాకు రాసుకోవడానికి టైము కావాలి” అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎంతసేపు, ఎక్కడ, ఆలోపు ఏం అయిపోయి ఉంటుంది, అవసరమైతే ఎలా పిలవాలి, ఈ నాలుగూ చెప్పండి. “అత్తయ్యా, మావయ్యగారి రాత్రి మందు ఎనిమిదిన్నరకే ఇచ్చేస్తాను. తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర దాకా మేడ మీద ఉంటాను, ఫోను నా దగ్గరే ఉంటుంది. ఏ చిన్న అవసరమైనా ఒక్క రింగు ఇవ్వండి, దిగొచ్చేస్తాను.” ఇందులో నవల ఊసే లేదు చూడండి. నవల విలువ గురించి వాదన పెట్టుకుంటే మీ అరగంట ఆ వాదనకే పోతుంది.

1960, 70లలో వారపత్రికల సీరియళ్ళను ఏలిన ఆడవాళ్ళలో ఎంతమంది ఇల్లు, పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు, వీటన్నిటి మధ్యా రాశారో తలచుకుంటే నాకు ధైర్యం వస్తుంది. అయినా ఆడవాళ్ళు ఎలాగోలా సర్దుకుని రాస్తారులే అని మనవాళ్ళు దాన్నొక గొప్పగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో మగవాళ్ళుంటే పని పంచుకోవాలి. తమ్ముడు ఆదివారం పూట వచ్చి కూర్చోవాలి. అన్నయ్య అమెరికాలో ఉంటే అతని వంతు డబ్బుతో తీరిపోదు. అక్కడ పొద్దున, ఇక్కడ సాయంత్రం, శనివారం ఒక గంట వీడియోలో నాన్నకు పేపరు చదివి వినిపించమనండి. మా ఇంట్లో జరిగింది అదే. ఆ గంట నాకు దక్కడం సరే, నాన్నగారు వారమంతా దానికోసం చూసేవారు.

మా అమ్మగారు పోయి నెలన్నర అయింది. మళ్ళీ ఎప్పుడు రాయొచ్చు?

పెద్దకర్మ దాకా ఇంటినిండా జనం. తర్వాత ఒక్కసారిగా ఎవరూ ఉండరు. ఇప్పుడు తీరికే కదా, రాయొచ్చు అనిపిస్తుంది. కానీ ఆ వారాల్లోనే మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, బ్యాంకులో నామినీ కాగితాలు, పెన్షను, నెల నెలా మాసికాలు వరసకట్టి వస్తాయి. ప్రతి కాగితం మీదా అమ్మ పేరు రాయాలి. సంతకం పెట్టిన రోజు ఇంకేం రాయబుద్ధి కాదు.

కొత్త అధ్యాయం జోలికి పోకండి. రాసినదాన్ని పైకి చదవండి, రోజుకు ఒక పేజీ. చదువుతుంటే ఒక మాట బాగోలేదనిపిస్తుంది, మారుస్తారు. ఆ మార్పు దగ్గరనుంచే చెయ్యి మెల్లగా తిరిగి వస్తుంది. ఎన్నాళ్ళని నేను చెప్పలేను. ఏడాది పట్టినా అది మీ అమ్మకివ్వాల్సిన ఏడాదే.

ఇప్పుడు ఇంట్లో జరుగుతున్నదంతా నవలలోకి వచ్చేస్తోంది. రానివ్వాలా?

వేరే నోటుబుక్కులోకి రానివ్వండి. ఉన్నది ఉన్నట్టు, కోపంతో సహా, అందులో రాసుకోండి. నడుస్తున్న నవలలోకి మాత్రం వెంటనే తేకండి. మీ పాత్ర మూడు వందల పేజీలుగా తన సొంత బతుకు బతుకుతోంది. హఠాత్తుగా ఆమెకు మీ నాన్నగారి జబ్బు అంటిస్తే పాఠకుడు పట్టేస్తాడు. జరిగిన సంఘటనను పక్కన పెట్టి, అందులో మీకు తెలిసివచ్చిన చిన్న నిజాన్ని వాడుకోండి. మాట పడిపోయిన మనిషి అన్నిటికీ ఒకే అక్షరం పలుకుతుంటే, ఇంట్లోవాళ్ళు స్వరాన్నిబట్టి నీళ్ళడిగారా, పిలిచారా, విసుక్కున్నారా అని గుర్తుపట్టడం నేర్చుకుంటారు. అది మీ నవలలో చంటిబిడ్డ తల్లికీ పనికొస్తుంది, భాష రాని ఊళ్ళో కూలికెళ్ళినవాడికీ పనికొస్తుంది.

మంచంలో ఉన్న మనిషి ఒంటి గురించి, మలమూత్రాల గురించి, అది ఆయనేనని చదివేవాళ్ళు గుర్తుపట్టగలిగేలా అచ్చువేయడం నాకు సమ్మతం కాదు. ఆయన కాదనలేని స్థితిలో ఉన్నారు. ఈ విషయంలో నాతో విభేదించే మంచి రచయితలు ఉన్నారు, అయినా నా మాట ఇదే.

విడాకుల కేసు నడుస్తోంది. నవలలో భార్యాభర్తలున్నారు.

రాయండి, ఎవరికీ పంపకండి. భాగాలుగా ఎక్కడా పెట్టకండి. కల్పన అన్నా అవతలి లాయరు దాన్ని మీ మాటగా చదివి వినిపించవచ్చు. అచ్చుకు ముందు మీ లాయరుకు ఒక్క మాట చెప్పండి. పిల్లలున్న ఇంట్లో అయితే, వాళ్ళు పెద్దయ్యాక ఈ పుస్తకం చదువుతారని గుర్తుంచుకుని దిద్దండి.

పోటీకి పంపుతానని, సీరియల్ ఇస్తానని ఒప్పుకున్నాను. ఏం చెయ్యను?

ఇవాళే సంపాదకులకు ఫోన్ చేసి చెప్పండి. సీరియల్ మొదలయ్యాక ఆపడం కంటే మొదలుకాకముందు వాయిదా అడగడం వాళ్ళకూ తేలిక. పోటీ అయితే వదిలేయండి. సగం ఉడికిన చివరి అధ్యాయాలతో పంపిన నవలను మళ్ళీ కొత్తదని పంపడానికి చోటు ఉండదు.

చివరి మూడు అధ్యాయాలు దాటలేకపోతున్నాను.

చివరి సీను ముందు రాసేయండి. అది మారొచ్చు, ఫరవాలేదు. చేరాల్సిన చోటు కాగితం మీద ఉంటే మధ్యలో ఏయే సీనులు తప్పనిసరో తేలిపోతుంది. వాటిని ఒక్కో కార్డు మీద ఒక్కో వాక్యంగా రాయండి. కార్డు తీసేసినా కథ నిలబడుతుందా అని చూడండి. నిలబడితే ఆ సీను రాయక్కర్లేదు. మామూలు రోజుల్లో వదులుకోలేని ఉపకథల్ని ఈ రోజుల్లో వదులుకోగలం.

ముగింపు చీకటిగా వస్తోందని కూడా కొందరు బాధపడతారు. మీ దుఃఖం వల్ల వచ్చిందా, కథ వల్ల వచ్చిందా అన్నది ఇప్పుడు తేలదు. రాసి పెట్టండి, ఇల్లు కాస్త కుదుటపడ్డాక చూడండి. ఆ ఒక్క అధ్యాయానికీ రెండు రూపాలు దాచుకున్నా తప్పు లేదు.

గొంతు మారిపోయింది. మొదటి సగం ఒకరు రాసినట్టు, రెండో సగం ఇంకొకరు రాసినట్టు ఉంది.

రెండో గొంతే ఇప్పటి మీది. మొదటి సగాన్ని దానికి తగ్గట్టు తిరగరాయడం సులువు. పాత గొంతును అనుకరిస్తూ రెండో సగం రాయడం దాదాపు అసాధ్యం. ఆ తిరగరాత మాత్రం నవల పూర్తయ్యాకే.

ఫైళ్ళ సంగతి?

ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే తెరుచుకునే యూనికోడ్‌లో టైపు చేయండి. అను ఫాంట్లలో చేసిన ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గుర్తులుగా తెరుచుకుంటుంది. ఆసుపత్రిలోనో, అక్కయ్య ఇంట్లోనో ఏ మెషీను దొరుకుతుందో తెలియని రోజుల్లో అది పెద్ద ఇబ్బంది. ఫైలు ఒక్కటే ఉంచి, పేరులో తేదీ పెట్టి, వారానికోసారి మీకు మీరే మెయిల్ చేసుకోండి. చేతిరాత ఉంటే ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. ఇల్లు మారేటప్పుడు పాత కాగితాల కట్ట అనుకుని అమ్మేసేవాళ్ళు ఉంటారు.

పూర్తయింది. వెంటనే అచ్చుకిచ్చేయనా?

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో తెచ్చేద్దామని ఒత్తిడి ఉంటుంది. మీ ఇంటి కష్టం ఏమీ తెలియని ఇద్దరిచేత చదివించండి. తెలిసినవాళ్ళు జాలిపడి బాగుందంటారు. ఒకరు కథ తెగిన చోట్లు గుర్తు పెట్టాలి, ఇంకొకరు జాతకం పుస్తకం పక్కన పెట్టుకుని వయసులు, తేదీలు, వరసలు సరిచూడాలి. యూనికోడ్ నుంచి డీటీపీ (అచ్చుకు పేజీలు కూర్చే పని) ఫాంట్లకు మార్చినప్పుడు కొన్ని వత్తులు, సంయుక్తాక్షరాలు చెడతాయి కాబట్టి మార్చిన తర్వాత ప్రూఫు ఇంకోసారి, కాగితం మీద, చూడాలి. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు మన దేశంలో ప్రభుత్వం రుసుము తీసుకోదు, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఇస్తారు. అది ఇప్పిస్తామని డబ్బు అడిగేవారికి ఇవ్వకండి. ఆ డబ్బుతో మంచి ప్రూఫ్‌రీడరును పెట్టుకోండి.